పిల్లలకోడికి పట్టిన రాహువు

పిల్లలకోడి అని పిలుచుకునే కృత్తికల గుంపులో చుక్కలు ఆరా, ఏడా అన్న అనుమానం నర్సింగానికి ఇరవై ఏళ్ళుగా ఉంది. కుమారస్వామికి పాలిచ్చిన కృత్తికలు ఆరుగురని పురాణం. అప్పట్లో ఒక తెల్లవారుజామున, చీకటి ఉండగానే మొదటి షిఫ్టుకు నడిచిపోతూ తోటి ఫిట్టరు మహమూద్ మాత్రం ఏడు లెక్కపెట్టి చూపించాడు. ఆ రోజే గనిలో నర్సింగం చెయ్యి తెగింది. మహమూద్ తన కొత్త తెల్ల తువ్వాల చింపి కట్టు కట్టాడు. బదులుగా నర్సింగం ఇంకోటి కొనిస్తే, "ఆరో ఏడో తేలినంక తీస్కుంట తియ్ తమ్మీ" అని నవ్వేశాడు. అది అప్పటినుంచి పెట్టెలోనే ఉంది.

ఈ సాయంత్రమే మహమూద్ పదవీ విరమణ సభ. రేపు క్వార్టరు ఖాళీ చేసి కరీంనగర్ వెళ్ళిపోతాడు. కూతురు సంతోషి కొనిచ్చిన దుర్భిణికి రంగుల కెమెరా బిగించి తీసిన వంద ఫోటోలను కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చి, ఒక్క పటం చేసి సభలో ఇవ్వాలని నర్సింగం పథకం.

పొద్దున స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, పేర్చి చూస్తే ఆకాశమంతా పచ్చిమిరపకాయ రంగు. అది అతనికి తెలిసిందే. ఆ కెమెరాలో ఎరుపు, నీలం కన్నా ఆకుపచ్చ పాలు రెట్టింపు. కొత్తగా వచ్చింది కోడి పక్కన ఒక నల్లటి ఉంగరం.

టీ తెచ్చిన భార్య అనసూర్య వంగి చూసింది. "ఇగో, గీ నల్లగున్నదేంది?"

"బొగ్గు నలుసు. కెమెరా అద్దం మీద పడ్డది."

"చుక్కల పక్కపొంటి బొగ్గెట్లుంటదయ్యా? రాహువది."

టీ గ్లాసు కడిగేలోగా సంగతి పక్కింటి ఐలవ్వకు చేరింది. అక్కడినుంచి వీధి చివరికి పోయేసరికి రాహువు కోడిని సగం మింగేశాడు. కొడుకు జైపాల్‌ను డ్యూటీకి పోనియ్యనని ఐలవ్వ గడపకు అడ్డంగా కూర్చుంది.

నలుసును తీసే ఉపాయం ఒకటుంది. దుర్భిణి మూతికి తెల్లబట్ట కట్టి, పగటి ఆకాశం వైపు తిప్పి ఫోటోలు తీస్తే వాటిలో నలుసు నీడ ఒక్కటే పడుతుంది. దాన్ని చూసి కంప్యూటర్ అసలు పటంలోని మచ్చను చెరిపేస్తుంది. కానీ గోదావరిఖనిలో తెల్లబట్ట ఎక్కడిది? పంచెలు, దుప్పట్లు అన్నీ బొగ్గు దుమ్ముతో బూడిద రంగుకు తిరిగాయి. నర్సింగం పెట్టె తెరిచి తువ్వాల తీశాడు. డాబా మీద దుర్భిణికి కట్టి, వైరు కోసం కిందికి దిగాడు.

తిరిగి వచ్చేసరికి కొడుకును ఇంట్లో పెట్టి గొళ్ళెం వేసి వచ్చిన ఐలవ్వ, ఐదుగురు ఆడవాళ్ళు, ఒక కొబ్బరికాయ. తువ్వాల నిండా పసుపు, నడుమ కుంకుమ బొట్టు.

"మూతి కట్టి మంచిపని చేసినవ్ కొడుకా. లోపలోడు ఎల్లకుంట పసుపు పూసిన."

"అవ్వా, అది మహమూద్ భాయ్ తువ్వాల."

"అయితేంది? పసుపుకు అందరొక్కటే."

ఉతికి ఆరేసే వ్యవధి లేదు. కుమారస్వామికి దండం పెట్టుకుని పసుపులోంచే ఫోటోలు తీశాడు. కంప్యూటర్ నలుసుతోపాటు పసుపునూ మచ్చ కిందే లెక్కగట్టి తీసేసింది. పసుపు వెలుగులో ఆకుపచ్చ కూడా కలిసే ఉంటుంది కాబట్టి, ఆ ఊపులో అదీ పోయింది. ఎన్నాళ్ళు తంటాలు పడ్డా రాని నీలం కోడి చుట్టూ పొగలా మెరిసింది. ఉంగరం లేదు. రాహువు పోయాడని ఐలవ్వ ఇంటికి పోయి గొళ్ళెం తీసింది. జైపాల్ డ్యూటీకి పరిగెత్తాడు.

సాయంత్రం సభలో, మెడలో దండ, భుజాన శాలువాతో మహమూద్ పటం పట్టుకుని చుక్కలు లెక్కపెట్టాడు. నలభై ఒకటి దగ్గర ఆగాడు.

"ఆరు కాదు, ఏడు కాదు తమ్మీ."

"ఇద్దరం ఓడినం భాయ్. స్వామికి పాలిచ్చినోళ్ళు ఇంకెంతమందో, మనకేం ఎరుక. ఇగ నీ తువ్వాల తీస్కో."

మహమూద్ మడత విప్పాడు. "కొత్తదన్నవ్ గద?"

"పొద్దుగాల దాంక కొత్తదే. నీ కట్టు లేకుంటే ఈ చెయ్యి నాకు దక్కకపోతుండె భాయ్. పటం తీసింది గీ చెయ్యే."

మహమూద్ పసుపు మరకను వేలితో తడిమాడు. "నాది నెత్తురుతోని ఖరాబయింది, నీది పసుపుతోని. సరిపాయె" అంటూ తువ్వాలను శాలువా మీదే కప్పుకున్నాడు.

శాలువాకు కూడా పసుపు అంటిన సంగతి ఇంటికి వెళ్ళాక ఆయన భార్య ఆబిదా కనిపెట్టింది.