గోడ లోపలి వాషింగ్ మెషిన్

"తాళంచెవిని ఇంకో పెట్టెల పెట్టి, ఆ పెట్టె సుట్టూ గోడ కట్టి, ఆ గోడకు కావలి పెడితే, మరి అవసరమొచ్చిననాడు ఎట్ల తీస్తవ్ బిడ్డా?" అని మా అత్తమ్మ శారదమ్మ అప్పటికి నాలుగోసారి అడుగుతోంది.

"నానమ్మా, గదే సెక్యూరిటీ!" అని మా జీవన్ నాలుగోసారి జవాబు చెబుతున్నాడు. ఇద్దరి మధ్యా ఉప్మా చల్లారిపోతోంది.

ఈ వాదంలో నేను మొదటినుంచీ మా అబ్బాయి పక్షమే. ఎవరేమనుకున్నా సరే, బల్లగుద్ది చెబుతున్నాను. దొంగకు దొరకని తాళంచెవి ఏముంది, ఏ బజార్లోనైనా దొరుకుతుంది. ఇంటివాళ్లకు కూడా దొరకనిదే అసలు సిసలు తాళంచెవి!

మాది ఉప్పల్. మెట్రో స్తంభాల వెనక మూడో గల్లీ. జీవన్ క్లౌడ్ కంపెనీలో పనిచేస్తాడు, వారంలో మూడు రోజులు మా హాల్లోంచే. జనం ఎక్కడో పెద్ద కంప్యూటర్లలో దాచుకున్న డేటాబేస్‌లను ఎవరు చూసినా అర్థం కాకుండా కలగాపులగం చేసి పెట్టడం వాడి పని. ఆ కలగాపులగాన్ని మళ్లీ విప్పడానికి ఒక కీ ఉంటుంది. ఆ కీ డిజిటల్ లాకర్‌లో ఉంటుంది. లాకర్ చుట్టూ ఫైర్‌వాల్ అనే గోడ. గోడ దగ్గర ఒక లిస్టు. లిస్టులో ఉన్న చోటునుంచి అడిగితేనే కీ కదులుతుంది, లేకపోతే దేవుడు దిగొచ్చి అడిగినా కదలదు. ఎంత హాయి!

మొన్నమొన్నటిదాకా మా ఇంట్లో ఉన్న ఏర్పాటు చెబితే సిగ్గుచేటు. మల్లాపూర్‌లో చేయించిన ఒక ఇనుప పెట్టె. దాని తాళంచెవి అత్తమ్మ కొంగు ముడిలో. రెండో తాళంచెవి ఎదురింటి తారామణి వంటింట్లో, పసుపు డబ్బా వెనక. ఎవరు వెళ్లి అడిగినా ఇచ్చేసేది! ఓటీపీ అడగదు. 'నువ్వు మనిషివేనా, ఈ బొమ్మల్లో ట్రాఫిక్ లైట్లు ఎన్నున్నాయో చెప్పు' అని అడగదు. పైగా "కూసో, చాయ్ తాగి పో" అనేది. ఇదా భద్రత? ముప్ఫై ఏళ్లలో ఆ పెట్టెలోంచి ఒక్క కాగితం పోలేదంటారా? దొంగలు రాకపోతే అది దొంగల చేతకానితనం. మన గొప్పేముంది?

అందుకే పోయిన నెల జీవన్ పెట్టె మొత్తం ఖాళీ చేశాడు. ఇంటి కాగితాలు, సర్టిఫికెట్లు, అత్తమ్మ గుండె డాక్టరు చీటీలు, ఈసీజీలు అన్నీ స్కాన్ చేసి మా కుటుంబానికంటూ ఒక డేటాబేస్ కట్టాడు. దానికి కీ. కీకి లాకర్. లాకర్‌కు గోడ. మా ఇంటి ఇంటర్నెట్‌కు ఒక నంబరుంటుందట. ఆ నంబరునుంచి వచ్చినవాళ్లకే ప్రవేశం.

"అవసరం పడితే ఈ లింకు నొక్కమ్మా" అని నాకూ ఒకటి పంపాడు. అవసరం పడలేదు కాబట్టి నేను నొక్కలేదు.

మా ఆయన బుచ్చిరాములు రైల్వేలో సిగ్నల్ క్యాబిన్ మనిషి. చర్లపల్లి దాటిన తర్వాత డ్యూటీ. ఆయనకు ఈ గోడ తెగ నచ్చేసింది. "గేటు పడ్డదంటే అంబాసిడరైనా ఆగాలె, అంబులెన్సైనా ఆగాలె. రూలంటే గట్లుండాలె!" అన్నాడు. ఆ ఉత్సాహంలోనే, స్కాన్ అయిపోయిన దవాఖానా కాగితాలన్నీ పాత పేపర్లాయనకు వేసేశాడు. ఈ క్షణంలో ఉప్పల్ రింగురోడ్డు మీద ఎవరో ఒకరు మా అత్తమ్మ ఈసీజీ పొట్లంలో పల్లీలు తింటూ ఉంటారు. తిననివ్వండి. కాగితం ఎవరి చేతికైనా పోవచ్చు. కీ మాత్రం పోదు!

గోడలవల్ల లాభాలు ఒకటా రెండా? నారపల్లి అవతల గేటెడ్ వెంచర్‌లో ఇల్లు కట్టుకున్న మా బావగారు పరంధామయ్యను చూడండి. కొత్త వాచ్‌మన్ యాప్‌లో పేరు లేదని సొంత ఇంటికి పోనివ్వకుండా గంటన్నర ఆపాడు. ఏమైంది? ఆయన ఎదురుగా చాయ్ బండి దగ్గర కూర్చుని, తనలాగే ఆగిపోయిన ఆరుగురు ఓనర్లతో స్నేహం చేసుకున్నాడు. లోపలికి పోయుంటే జన్మలో ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లా? ఇప్పుడు వాళ్లందరూ కలిసి అరుణాచలం పోతున్నారు! మా ఆయన మీసం తీయించిన రోజున ఫోన్ ఆయన మొహాన్ని గుర్తుపట్టలేదు. ఎలా తెరవాలో తెలియక రెండు రోజులు రీల్స్ చూడలేదు. మెడనొప్పి మాయం! ఏ డాక్టరు చేయగలిగాడు ఆ పని?

ఇంత నమ్మకంతో ఉన్నదాన్ని కాబట్టే, పోయిన గురువారం నాచారం కంటి దవాఖానాలో జరిగింది చూసి నేను కొంచెం కూడా బెదరలేదు.

ఆ రోజు అత్తమ్మకు శుక్లం ఆపరేషన్. మూడు నెలలుగా ఆమె చూపు ఎలా ఉందంటే, తీగమీద ఆరేసిన నా చీరను తారామణి అనుకుని "కోడలు నెల తప్పిందా?" అని అడిగింది. చీర జవాబు చెప్పలేదని అలిగింది కూడా. డేటు దొరకడానికి ఆరు వారాలు పట్టింది. ఆపరేషనయ్యాక తలకు పోసుకోనివ్వరని ముందురోజే రెండుసార్లు పోసుకుని, కొత్త జాకెట్టు తొడుక్కుని, పెళ్లికూతురులా ఆటో ఎక్కింది.

తొమ్మిదింటికి నర్సమ్మ పిలిచింది. "రక్తం పల్చగయ్యే గోలి ఏమన్న వాడుతుందా పెద్దమ్మ? ఏ గోలి, ఎంత పవరు? గుండె డాక్టర్ చీటీ సూపెట్టున్రి. పదకొండు లోపల సూపెట్టకుంటే ఇయ్యాల చెయ్యరు. మళ్లీ డేటు నెలన్నర తర్వాతనే."

అవసరం పడింది! ఉత్సాహంగా లింకు నొక్కాను. 'మీరున్న చోటికి అనుమతి లేదు' అని వచ్చింది. నా ఒళ్లు పులకరించింది. జీవన్‌కు ఫోన్ చేశాను.

"సూసినవా అమ్మా! పనిచేస్తుంది!" వాడి ఆనందం నాకంటే ఎక్కువ. "నువ్వు బయటున్నవ్ కదా, అందుకే ఆపింది. నేను ఇంట్లకెల్లి తీసి పంపిస్త. రెండు నిమిషాలు."

పావుగంట తర్వాత ఫోన్ వచ్చింది. గొంతు కాస్త దిగింది.

"అమ్మా, పొద్దున కరెంటు పోయొచ్చింది చూడు... మన ఇంటర్నెట్ నంబర్ మారిపోయింది. ఇప్పుడు గోడ మన ఇంటిని గుర్తుపడ్తలేదు."

ఆహా! మా గోడ మా ఇంటినే 'ఎవరు మీరు?' అని అడుగుతోంది! ఏ దొంగ దాటగలడండీ ఇలాంటి గోడను?

"లిస్టుల కొత్త నంబర్ రాయి మరి."

"రాస్త. కానీ లిస్టు మార్చాలంటే రెండో మనిషి ఒప్పుకోవాలె. అంతా ఒక్కరి చేతుల ఉంటే డేంజర్ కదా."

"ఎవరా రెండో మనిషి?"

"డాడీ."

డాడీ సిగ్నల్ క్యాబిన్‌లో ఉన్నాడు. డ్యూటీలో ఫోన్ ముట్టకూడదు. స్విచ్చాఫ్ చేసి క్యాబిన్‌లోని పెట్టెలో పెట్టేస్తాడు. మళ్లీ తీసేది రెండింటికి. గేటు పడితే ఎవరైనా ఆగాల్సిందే!

పది దాటింది. మా పక్కన కూర్చున్న ముసలాయన్ని కంట్లో చుక్కలు వేసి లోపలికి తీసుకుపోయారు.

"ఏమంటున్నడే పిలగాడు?" అంది అత్తమ్మ.

"తాళంచెవి భద్రంగా ఉందంట అత్తమ్మా."

"తాళంచెవి సల్లగుండ! నా కన్ను సంగతేంది?" అని కొంగు ముడిని గట్టిగా పట్టుకుంది. పెట్టెలో ఇప్పుడేమీ లేకపోయినా, ఆ ముడి మాత్రం విప్పలేదు.

ఒక చిన్న సందేహం వచ్చి జీవన్‌ను మళ్లీ అడిగాను. "నాన్నా, నా ఫోన్ నా చేతులనే ఉంది. చార్జింగ్ తొంభై ఒకటుంది. డ్యూటీల స్విచ్చాఫ్ చేసే రూలు కూడా లేదు. మరి ఆ రెండో మనిషిగ నన్నెందుకు పెట్టలేదు?"



"నీకెందుకమ్మా ఆ తలనొప్పి అని..."

ఎంత ప్రేమ! తల్లికి తలనొప్పి రాకుండా చూసుకునే కొడుకులు ఈ రోజుల్లో ఎంతమంది?

పదీ నలభైకి నర్సమ్మ మళ్లీ వచ్చింది. "ఏమాయె? పేరు కొట్టేయమంటరా?"

అప్పుడు నేను హ్యాండ్‌బ్యాగు తీశాను. దానికి ఫైర్‌వాల్ లేదు, ఒక జిప్పు ఉంది. అదీ సగమే పడుతుంది. లోపల బొట్టుబిళ్లలు, పాత బస్ టికెట్లు, ఒక ఖాళీ గోలీల అట్ట. మందుల షాపులో పేరు తప్పు చెబుతానన్న భయంతో, ఏ అట్ట అయిపోయినా ఒకటి బ్యాగులో వేసుకుని తిరగడం నాకు అలవాటు. అట్ట మీద పేరుంది, పవరుంది. గుండె డాక్టరు ఫోన్ నంబరు కూడా అట్ట వెనకే నేను పెన్నుతో రాసుకున్నాను.

"రోజూ రాత్రి తిన్నంక ఒకటి. ఏడాదిన్నర నుంచి. నేనే ఇస్తున్న" అన్నాను.

డాక్టరమ్మ అట్ట అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ నంబరుకు ఫోన్ చేసి గుండె డాక్టరుతో మాట్లాడింది. ఈసీజీ అక్కడే కొత్తది తీయించింది. పన్నెండున్నరకల్లా అత్తమ్మ కంటికి పచ్చటి పట్టీతో బయటికొచ్చింది.

రెండింటికి క్యాబిన్ పెట్టెలోంచి ఫోన్ తీసిన మా ఆయనకు జీవన్ పంపిన పద్నాలుగు అభ్యర్థనలు కనిపించాయి. పద్నాలుగింటికీ సరేనని నొక్కాడు. రైలు వెళ్లిపోయాక గేటు లేచింది.

సాయంత్రం హాల్లో అందరం కూర్చున్నాం. జీవన్ లాప్‌టాప్ తెరిచి, ఇప్పుడు గోడ లోపల ఎవరెవరున్నారో చదివి వినిపించాడు. "నా లాప్‌టాప్, డాడీ ఫోన్, టీవీ, వాషింగ్ మెషిన్..."

"వాషింగ్ మెషినా?" అన్నాను.

"అది మన వైఫై మీద ఉంది కదమ్మా. ఇంటి వైఫై మీదున్నవన్నీ లోపలున్నట్టే."

"మరి నా ఫోన్?"

"నీది వైఫై మీద లేదమ్మా. వంటింటి దాకా సిగ్నల్ రాదు కదా. నువ్వు ఎప్పుడూ బయటి నెట్ మీదనే ఉంటవ్."

నాకు అసూయ లేదండీ. నిజంగా లేదు. వాషింగ్ మెషిన్ ఈ ఇంటికొచ్చి నాలుగేళ్లయింది. నమ్మకంగా పనిచేస్తోంది, ఎదురు మాట్లాడదు, అయిపోయాక చిన్న పాట కూడా పాడుతుంది. నేనొచ్చి ఇరవై ఆరేళ్లే కదా! పెట్టె ఉన్నన్నాళ్లూ తాళంచెవి అత్తమ్మ కొంగులో, ఎదురింటి పసుపు డబ్బా వెనక ఉంది. పెట్టె ఖాళీ అయ్యాక మా అబ్బాయి లాకర్‌లో, మా ఆయన ఫోన్‌లో ఉంది. ఎవరికి ఏ గోలి ఎప్పుడు వేయాలో, ఎవరికి ఏది పడదో అన్న డేటాబేస్ ఒకటి మాత్రం ఏ గోడా లేకుండా నా దగ్గర పడి ఉంది. దానికి కలగాపులగం చేసే ఖర్చు కూడా లేదు. రోజూ ఇంట్లోవాళ్లే చేస్తారు.

అత్తమ్మ పట్టీ లేని మసక కన్నుతో నావైపే చూస్తోంది. అయినా చాలా రోజుల తర్వాత నన్ను నన్నుగానే గుర్తుపట్టింది. నెమ్మదిగా కొంగు ముడి విప్పి, ఖాళీ పెట్టె తాళంచెవి నా ఒళ్లో వేసింది. "పెట్టెల ఏం లేకపోతేంది, ఉంచుకో" అంది.

నేను లేచి అన్నాలు వడ్డించాను. పప్పు వేస్తూ, గొంతు పెంచకుండా, అందరికీ వినబడేలా చెప్పాను.

"వంటిల్లు ఎట్లాగూ మీ గోడ బయటనే ఉందంట కదా. అందుకే రేపటి నుంచి దానికి వేరే గోడ కడుతున్న. లిస్టుల ప్రస్తుతానికి నేనూ అత్తమ్మా ఉన్నం. కొత్త పేరు ఎక్కాలంటే రెండో మనిషి ఒప్పుకోవాలె. ఆ రెండో మనిషి అత్తమ్మ. ఆమెకు ఫోన్ లేదు."