జాగ్రత్తమ్మ నోరు మూసుకున్న రోజు

ఆ ఉదయం జాగ్రత్తమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. అంతే.

ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. ప్రతి మాట చివరా "జాగ్రత్త" తగిలిస్తుంది కనుక ఆ పేరే ఖాయమైపోయింది. పాలు పొయ్యి మీద పెడితే ఇల్లంటుకుంటుందనీ, మనిషి గుమ్మం దాటితే లారీ కింద పడతాడనీ, ఫోను మోగితే చెడ్డ కబురేననీ ఆవిడ భయం. అంత భయం కడుపులో పెట్టుకున్న మనిషి నోరు మూసుకుని ఎలా ఉంటుంది?

ఉండక తప్పలేదు. వీధి చివర నడవలేని పిల్లలకు వ్యాయామం చేయించే కేంద్రం ఒకటి ఉంది. దానికి ఏడు మెట్లు. వాన పడ్డ రోజున ఒక తల్లి పదేళ్ల కొడుకును వీపున మోసుకుంటూ ఆ మెట్లెక్కడం జాగ్రత్తమ్మ చూసింది. నాలుగో మెట్టు మీద ఆ తల్లి కాలు జారింది. పడలేదు. పడకపోతే మాత్రం? పడి ఉంటే? ఆవిడకు అన్నం సయించలేదు. తిన్నగా వెళ్లి కేంద్రం టీచరమ్మను నిలదీసింది.

"మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కేలా చెక్క ర్యాంపు కట్టించాలనే ఉందండీ," అంది టీచరమ్మ. "ఊరికే అడిగితే అందరూ చూద్దాం అంటారు. అదే ఎవరైనా తమ వల్ల కాని పని చేసి చూపిస్తామంటే మాత్రం పోటీలు పడి మాటిస్తారు. మీ వల్ల కానిదేంటో చెప్పండి."

దానికి జవాబు వీధి వీధంతా ఒక్క గొంతుతో చెప్పింది. జాగ్రత్తమ్మ ఒక్క పగలు మాట్లాడకుండా ఉంటే తన చెక్కతో, తన చేత్తో ర్యాంపు కట్టిస్తానన్నాడు వడ్రంగి. కిటికీలన్నిటికీ తెరలు కుట్టిస్తానంది టైలరమ్మ. ఏడాది పొడుగునా సబ్బులూ ఫినాయిలూ నావే అన్నాడు కొట్టాయన. చేతి నుంచి చిల్లిగవ్వ కదలదని ముగ్గురికీ గట్టి నమ్మకం. అందుకే అంత ధారాళం. షరతు ఒకటే: ఒక్క మాట జారినా ఎవరూ ఏమీ ఇవ్వనక్కర్లేదు. కాగితం మీద రాసి చూపించినా మాట జారినట్టే.

ఈ సంగతి ముందురోజే ఇంట్లో ముగ్గురికీ చెప్పింది. పేపరు వెనక నుంచి భర్త "ఊఁ" అన్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లతో కూతురు తలూపింది. టీవీ చూస్తున్న అత్తగారు "అలాగేలే అమ్మాయ్" అంది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆవిడ మాటలు వినే పద్ధతి అదే.

ఎనిమిదీ అయిదుకు కాఫీ తెచ్చి భర్త ముందు పెట్టింది. "వేడిగా ఉంది, జాగ్రత్త" అన్న మాట వినపడకపోవడంతో ఆయన గటుక్కున తాగి నాలుక కాల్చుకున్నాడు. అప్పుడు తలెత్తి చూశాడు.

"ఏమే, ఒంట్లో బాగాలేదా?"

అదేం కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"నా మీద కోపమా?"

ఆవిడ ఇంకా ఎంతసేపురా భగవంతుడా అని గడియారం వైపు చూసి నిట్టూర్చింది. గడియారం వంటింటి గుమ్మం మీద ఉంది. గుమ్మంలోంచి గ్యాస్ బండ కనిపిస్తుంది. ఆయన ముఖం పాలిపోయింది.

"తెలిసిపోయిందన్నమాట," అన్నాడు. "గ్యాస్ పైపు మార్పించానని చెప్పాను కదా... మార్పించలేదే. తడిబట్టతో తుడిచానంతే. నాలుగు నెలలైంది."

జాగ్రత్తమ్మ కళ్లు చింతనిప్పులయ్యాయి. నోరు తెరుచుకుంది. కళ్ల ముందు ఏడు మెట్లు కనబడ్డాయి. నోట్లో కొంగు కుక్కుకుని, చరచరా వెళ్లి బండ కట్టేసి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన సగం కాఫీ వదిలేసి, "ఇప్పుడే తెస్తా, ఒట్టు!" అంటూ పరుగెత్తాడు. దారిలో కూతురు ఎదురైంది.

"మీ అమ్మకి అన్నీ తెలిసిపోయాయి. అరవడం లేదు," అన్నాడు.

"అరవడం లేదా?" కూతురు చేతిలో స్కూటర్ తాళం జారిపడింది. అరిస్తే అరగంటలో అయిపోయేది. ఇది ఎప్పటికి అయ్యేను?

"అమ్మా, నేనే చెప్పేస్తాను," అంది వంటింట్లోకి వచ్చి. "నెల రోజులుగా హెల్మెట్ పెట్టుకోవడం లేదు. అది నా ఫ్రెండ్ వాళ్లింట్లో ఉంది. వాళ్ల పిల్లి అందులో పిల్లల్ని పెట్టింది. ఇంకా కదపకూడదట. ఏదో ఒకటి తిట్టమ్మా, ప్లీజ్!"

జాగ్రత్తమ్మ చెయ్యి చాచి తాళం తీసుకుంది. కొంగుకు ముడేసింది. ఆ రోజు కూతురు కాలేజీకి నడిచి వెళ్లింది.

ఇక మిగిలింది అత్తగారు. కోడలు మామూలుగానే వరండాలో కుండీకి నీళ్లు పోస్తుంటే, ఆ పెద్దావిడ మంచం మీంచి లేచి కూర్చుంది.

"చూసేశావా అమ్మాయ్? ఆ బీపీ మాత్రలు మింగుడు పడక మట్టిలో గుచ్చేస్తున్నా. రెండు నెలలైంది. అయినా ఆ మొక్కను చూడు, ఎంత నెమ్మదిగా ఉందో!"

కోడలు మాత్రా, గ్లాసుడు నీళ్లూ తెచ్చి ఎదురుగా నిలబడింది. రెప్ప వెయ్యలేదు. అత్తగారు కిక్కురుమనకుండా మింగింది. ఇరవై ఏళ్లు గొంతు చించుకున్నా జరగని పనులు మధ్యాహ్నానికల్లా మూడు దారిలో పడ్డాయి.

నాలుగింటికి కొట్టాయన గోడ మీంచి తొంగి చూశాడు. కొత్త పైపు బిగించి చెమట తుడుచుకుంటున్న భర్తను, "ఇంకా నోరు విప్పలేదా?" అని అడిగాడు.

"దేనికి విప్పాలి?"

"ర్యాంపు కోసం మౌనం కదా! మీకు చెప్పలేదా?"

భర్త అరుగు మీద కూలబడి, గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూశాడు. "అంటే... నీకేమీ తెలీదా? అన్నీ మేమే కక్కేశామా?"

జాగ్రత్తమ్మ ఎంతో శాంతంగా తలూపింది.

అప్పుడు దాతలకు గుబులు పట్టుకుంది. ముగ్గురూ వాకిట్లో చేరారు. "వదినా, తడి చేత్తో స్విచ్చి వేస్తున్నా చూడండి," అన్నాడు కొట్టాయన. టైలరమ్మ గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని పకపకా నవ్వింది. వడ్రంగి పిట్టగోడ ఎక్కి కాళ్లూపాడు. జాగ్రత్తమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. చెవులు కూడా మూసుకుంది. నోరు ఎలాగూ మూసే ఉంది.

అయిదూ యాభైకి వడ్రంగి గోడ దిగాడు. "ఓడిపోయాం వదినా. రేపు చెక్క కొనుక్కోవాలి," అని పలకలు ఎన్ని పడతాయో లెక్కేసుకుంటూ బండి స్టార్ట్ చేశాడు. సైడు స్టాండు తియ్యలేదు.

ఇది కూడా నాటకమేనా అని ఆవిడ అతని ముఖం చూసింది. కాదు. వీధి మలుపులో కిందటేడు ఇలాగే పడ్డ టైలరమ్మ మొగుడు ఇప్పటికీ కుంటుతున్నాడు. ఆవిడ చప్పట్లు కొట్టింది. ఇంజను మోతలో వినపడలేదు. బండి కదిలింది. ఇటు ఏడు మెట్లు, అటు ఒక మనిషి ప్రాణం.

"స్టాండు! నాయనా, స్టాండు తియ్యలేదు!"

బండి ఆగింది. వడ్రంగి కిందికి చూశాడు. కాలితో స్టాండు తన్నాడు. తర్వాత మలుపు వైపు చూసి ఇంజను ఆపేశాడు.

జాగ్రత్తమ్మ గుమ్మంలో చతికిలబడి కొంగులో ముఖం దాచుకుంది. "అయిపోయింది. ఆ తల్లి మళ్లీ మోసుకుంటూ ఎక్కాల్సిందే. మళ్లీ జారుతుంది."

"అయిదూ యాభై రెండు," అన్నాడు కొట్టాయన ఫోను చూసి, జాలిగానే గానీ కాస్త తేలిగ్గా.

వడ్రంగి వెనక్కి వచ్చి, చొక్కా చెయ్యి పైకి లాగి వాచీ చూసుకున్నాడు. "ఆరూ పది."

"నీ వాచీ ఆగిపోయి మూడేళ్లయింది కదయ్యా!"

"ఆగింది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నా. ఆరూ పదే. కావాలంటే రేపు పొద్దున వచ్చి చూసుకో."

"నాకూ ఆరు దాటినట్టే ఉంది," అంది టైలరమ్మ, మొగుడి కాలు గుర్తొచ్చి.

కొట్టాయన ఇద్దరినీ చూశాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. "సబ్బులు డజను పంపనా, రెండు డజన్లా?"

ఎనిమిది రోజుల్లో ర్యాంపు లేచింది. ఆ తల్లి కొడుకును చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి మొదటిసారి పైకి తోసుకెళ్తుంటే, జాగ్రత్తమ్మ పక్కనే నడుస్తూ పదకొండుసార్లు "జాగ్రత్త" అంది.

మరుసటి ఏడు కేంద్రం పైకప్పు కారుతోందంటూ టీచరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి భర్తే ఎదురు వెళ్లి తన పేరూ, తల్లి పేరూ, కూతురి పేరూ రాయించాడు.

"పది రోజులైనా సరే, మేం ముగ్గురం నోరు విప్పం," అన్నాడు. "ఆవిణ్ని మాత్రం మాట్లాడనివ్వండి."