పెట్టె హాజరు అడిగింది

ఈ మధ్యకాలంలో మనిషికి టీవీ పెట్టె చేసినంత మేలు ఇంకెవరూ చేయలేదు. బాగా ఆలోచించి అంటున్న మాట ఇది. పెట్టె అంటే టీవీ కాదు. టీవీ కింద పెట్టుకునే నల్లటిది, అరచేతిలో పట్టేంత ఉంటుంది. దానికి నెట్టు తగిలిస్తే లోకంలో ఉన్న సినిమాలన్నీ చూపిస్తానంటుంది. చూపిస్తుందా లేదా అన్నది వేరే సంగతి. మేలు చేయాలంటే చూపించి తీరాలని ఎక్కడుంది?

నమ్మకపోతే భవానీపూర్‌లో మా కార్పొరేషన్ క్వార్టర్ల లైనుకు వచ్చి కూర్మయ్యను అడగండి. ఆయన జవాబు చెప్పడు. మాట తక్కువ మనిషి. అందుకే ఆయన బదులు ఇక్కడ రాస్తున్నాను.

కూర్మయ్య ముప్పై రెండేళ్లు కార్పొరేషన్‌లో చేశాడు. మొదట చీపురు పట్టాడు, తర్వాత సర్దారయ్యాడు. సర్దారు పనల్లా తెల్లవారగానే వార్డాఫీసు ముందు నిలబడి పేర్లు పిలవడం. పేరు పిలిస్తే "హాజిర్" అనాలి. అనకపోతే ఆ పూట మనిషి లేనట్టే. ఆయన రిటైరై రెండేళ్లయింది. పిలవడానికి పేర్లు లేవు. చాయ్ తాగుతూ కూడా పెదవులు కదిలిస్తాడని భార్య అప్పమ్మ అంటుంది.

ఆయనకు మిగిలిందల్లా శనివారం సాయంత్రం. ఆరింటికి తెలుగు ఛానెల్లో సినిమా. లైను మొత్తంలో ఆ ఛానెల్ వచ్చేది ఆయన టీవీకే. టీవీని వరండాలోకి తిప్పి, రెండు చాపలు పరిచేవాడు. పదిహేనుమంది వచ్చేవారు. వాళ్లు సినిమా చూసేవారు. కూర్మయ్య చాపల వైపు చూసేవాడు. చాపలు నిండితే ఆయనకు ఆ వారం గడిచినట్టే.

వానలకు ముందు, మా లైనుకు కేబుల్ ఇచ్చే బెంగాలీ ఆయన, కేబుల్ దాదా, ఆ ఛానెల్ తీసేశాడు. కూర్మయ్య వెళ్లి అడిగాడు.

"తెలుగువాళ్లు ఎంతమంది చూస్తారు?" అన్నాడు దాదా.

"పదిహేనుమందిమి."

"కనెక్షన్లు ఎన్ని?"

"ఒకటి."

దాదా నవ్వి స్కూటర్ ఎక్కాడు. రెండు శనివారాలు చాపలు గోడకే ఆనుకుని ఉన్నాయి.

మూడోవారం కోడలు పుష్పరాణి పెట్టె తెచ్చింది. ఆమె న్యూ టౌన్‌లో ఒక ఆఫీసులో రిసెప్షన్ చూస్తుంది. ఇంగ్లీషు, బెంగాలీ గడగడా చదువుతుంది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. పెట్టెకు నెట్టు వైరు లాగడానికి ఎవరొచ్చారో తెలుసా? ఆ కేబుల్ దాదానే! ఛానెల్ పీకిన చేత్తోనే వైరు లాగి, చాయ్ తాగి వెళ్లాడు. పగలూ కోపాలూ పోవాలంటే ఇంట్లో పెట్టె ఉండాలి. ఇది మొదటి మేలు.

రెండోది, పెట్టె మనిషికి జాగ్రత్త నేర్పుతుంది. ముట్టించగానే అది షరతులు చూపించి ఒప్పుకుంటారా అని అడిగింది. పుష్పరాణి బటన్ నొక్కబోతే కూర్మయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"సదివి ఇనిపించు."

"ఇవి ఎవరూ చదవరు మావయ్యా. అందరూ ఒప్పీసుకుంటారు."

"యూనియన్‌లో ఏటి సెప్పీవోరు? సదివి ఇనిపించకుండా ఏలుముద్ర ఎయ్యకూడదు."

ఆ పిల్ల చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో ఒక వాక్యం, తెలుగులో దానికి అర్థం. నాలుగో పేజీకి పక్కింటి పోలిరాజు గోడకు ఆనుకుని గురక పెట్టాడు. పదకొండో పేజీలో ఆమె గొంతు బొంగురుపోయింది. మీలో ఎవరైనా షరతులు పదకొండో పేజీ దాకా చదివారా? మా లైను చదివింది. పన్నెండో పేజీ దగ్గర సర్దారు దయతలచి ఒప్పుకున్నాడు.

మూడో మేలు ఐకమత్యం. పాస్‌వర్డు కొట్టాలి. తెర మీద అక్షరాలు గళ్లలో ఉంటాయి. రిమోట్‌తో ఒక్కొక్క గడీ జరుపుకుంటూ పోవాలి. మా పాస్‌వర్డు కూర్మయ్య పేరు, దాని వెనక ఆయన పుట్టిన సంవత్సరం. లారీ మీద పనిచేసే మల్లేశుకు ఈ పని చెప్పక్కర్లేదు. రోజూ చెత్త లారీని సందుల్లోకి వెనక్కి పెట్టించే మనిషి. టీవీ పక్కన నిలబడి చెయ్యూపాడు.

"బాయే, బాయే, ఎడమకి... ఇంకొక్కటి... ఆస్తే, ఆస్తే... బస్. ఇప్పుడు కిందికి రానీ."

పదిహేనుమందీ అందుకున్నారు. ఒక్క అక్షరం తప్పితే మొదటికొచ్చేది. మూడుసార్లు మొదటికొచ్చింది. పాస్‌వర్డు రహస్యంగా ఉంచుకోవాలని పెట్టె రాసి మరీ చెప్పింది. మా లైన్లో అది కుళాయి దగ్గర పిల్లలకు కూడా నోటికొచ్చేసింది. సరే, దాని సంగతి తర్వాత.

అప్పుడు తెర మీద ఒక ప్రశ్న పడింది. పుష్పరాణి చదివింది.

"ఎవరు చూస్తన్నారు అని అడుగుతోంది మావయ్యా."

కూర్మయ్య వీపు నిటారైంది. రెండేళ్ల తర్వాత ఆయన్ని ఒకరు హాజరు అడిగారు! లేచి నిలబడి, చొక్కా గుండీ పెట్టుకున్నాడు.

"మల్లేశు."

"హాజిర్."

"పోలిరాజు."

"నీ కాళ్ల కాడే కూకున్నాను కదా సర్దారూ."

"పోలిరాజు."

"హాజిర్."

పిల్లల దాకా అందర్నీ పిలిచాడు. పుష్పరాణి రిమోట్ పట్టుకుని ఓపిగ్గా నిలబడింది.

"పదిహేను," అన్నాడు కూర్మయ్య. "రాసుకోమను."

"అయిదు పేర్లే పడతాయి మావయ్యా. ఒకళ్ల పేరు మీద అందరూ చూడొచ్చు, ఫరవాలేదు."

"ఒకడి పేరు మీద ఇంకోడా?" కూర్మయ్య కళ్లద్దాలు తీశాడు. "అలాటి దొంగ హాజరు నాను సర్వీసులో ఎప్పుడూ ఎయ్యలేదు."

చిక్కు వచ్చిపడింది. మల్లేశు ఉపాయం చెప్పాడు. పేర్లొద్దు, గ్యాంగులు రాయిద్దామన్నాడు. అలా మా పెట్టెలో చీపురు గ్యాంగు, డ్రైను గ్యాంగు, లారీ గ్యాంగు, ఆడోళ్లు, పిల్లలు అని అయిదు బొమ్మలు వెలిశాయి.

"మరి నువ్వు ఏ గ్యాంగు?" అని అడిగింది అప్పమ్మ.

"సర్దారు గ్యాంగులో ఉండడు," అన్నాడు కూర్మయ్య.

ఆ శనివారం సినిమా ఆడింది. ఆ తర్వాతి శనివారమూ ఆడింది. ఈలోగా పెట్టె గ్యాంగుల మనసు కనిపెట్టేసింది. డ్రైను గ్యాంగుకు ప్రేమకథలు చూపించేది. లారీ గ్యాంగుకు వంటలు. చీపురు గ్యాంగుకు దయ్యాలు. ముప్పై రెండేళ్లు వాళ్లతో తిరిగిన సర్దారుకు తెలియని గుట్టు పెట్టెకు పదిరోజుల్లో తెలిసింది. దీన్ని మేలు అనక ఏమంటారు?

ఇక పాస్‌వర్డు సంగతి. మొదట మల్లేశు కూతురు రాజకుమారి తన ఫోన్లో కొట్టి చూసింది. పడింది. తర్వాత పోలిరాజు ఒక పెట్టె తెచ్చుకుని అందులో కొట్టాడు. పడింది. ఎవరూ తప్పు చేశామనుకోలేదు. అక్షరాలు వాళ్లు అరిచినవే కదా. పైగా మా లైన్లో ఆ చివరి గది నుంచి ఈ చివరి గదికి ముప్పై అడుగులుంటాయి. ఇంట్లోనే వస్తుంటే అంత దూరం ఎవరు నడుస్తారు?

పెట్టె వచ్చిన నాలుగో శనివారం కూర్మయ్య చాపలు పరిచాడు. ఆరయింది. అప్పమ్మ మూకుడు నిండా మురీలు, అంటే మరమరాలు, కలిపి పెట్టింది. ఆవనూనె, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. ఆరుంబావయింది. ఎవరూ రాలేదు. సరే అని పెట్టె ముట్టించాడు. ఎవరు చూస్తున్నారని అడిగింది. అయిదు బొమ్మలూ వరసగా నిలబడ్డాయి. అందులో తనది ఏదో ఆయనకు తెలియలేదు. చాలాసేపు చూసి, మొదట చేరిన గ్యాంగు కదా అని చీపురు నొక్కాడు. తెర మీద రెండు ముక్కలు పడ్డాయి.

"ఏటంటంది?"

పుష్పరాణి చదివి చెప్పింది. "జాగా లేదంట మావయ్యా. మనోళ్లు ఇళ్లల్లో చూస్తన్నారు కదా. ఒకేసారి ఇంతమందికే అంట."

పోలిరాజు కిటికీలోంచి హీరో మాట ఒకటి వినిపించింది. ఒక్క క్షణం ఆగి అదే మాట మల్లేశు ఇంట్లోంచి వచ్చింది. మరో క్షణానికి మూడో ఇంట్లోంచి. ఒకే సినిమా లైను వెంబడి నడిచి వెళ్లినట్టుంది. ఇక్కడికి మాత్రం రాలేదు.

కూర్మయ్య చాపల వైపు తిరిగాడు.

"మల్లేశు," అన్నాడు మెల్లిగా. "పోలిరాజు."

"ఎవుల్ని పిలుస్తన్నావు?" అంది అప్పమ్మ లోపల్నుంచి.

"ఏటీ లేదు."

ఇక్కడ మీరు అందుకుంటారు. చూశారా, పెట్టె మనుషుల్ని విడదీసిందీ అంటారు. ఆగండి. మేలు ఇంకా అయిపోలేదు.

ఆ మంగళవారం కూర్మయ్య కోడల్ని అడిగాడు. "పుష్పా, ఆ మాట మార్చొచ్చా?"

"ఏ మాట?"

"అదే. తలుపు తీసీ మాట."

"పాస్‌వర్డా? మార్చొచ్చు. కానీ మారిస్తే అందరివీ ఆగిపోతాయి. అందర్నీ బయటికి తోసీమంటావా అని అడుగుతాది."

"తోసీమను."

"ఇప్పుడేనా?"

"శనివారం. ఆరుంబావుకి. కత పాకాన పడ్డాక."

పుష్పరాణి మామ ముఖంలోకి చూసింది. సరేనని తలూపింది. ఆమె కూడా మాట తక్కువ మనిషే, లేకపోతే ఆ ఇంట్లో నెగ్గుకు రాలేదు.

శనివారం ఆరుంబావుకు కిటికీలు ఒక్కొక్కటే మూగపోయాయి. మొదట తలుపు తెరిచింది పోలిరాజు. లుంగీ ఎగ్గట్టి, రిమోట్ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"సర్దారూ, నీకొస్తందా?"

"తిరుగుతంది," అన్నాడు కూర్మయ్య.

అబద్ధం కాదు. తెర మీద గుండ్రటి చుక్క తిరుగుతూనే ఉంది. గోడ దగ్గర ఊడదీసిన నెట్టు వైరు కొస మాత్రం ఆయన తొడ కింద ఉంది.

"కూకో," అన్నాడు.

మల్లేశు వచ్చాడు. రాజకుమారి వచ్చింది. ప్రతివాళ్ల దగ్గరా వైద్యం ఉంది. ఆపి ముట్టించమన్నారు. ప్లగ్గులో ఊదమన్నారు. పెట్టె వేడెక్కింది, తడిగుడ్డ కప్పమన్నారు. బీరువా మీద ఎత్తుగా పెడితే గాలి బాగా తగులుతుందని పోలిరాజు ఎక్కించాడు, దించాడు. మురీల మూకుడు చాప మీదికొచ్చింది. మాటలో మాటగా కాళీఘాట్ వైపు డ్రైను పొంగిన సంగతి వచ్చింది. రాజకుమారి పరీక్ష సంగతి వచ్చింది. మల్లేశుకు గార్డెన్‌రీచ్‌కు బదిలీ అవుతోందని ముప్పై అడుగుల దూరంలో ఉన్నవాళ్లకు అప్పుడే తెలిసింది. ఎనిమిదింటికి ఇంకా చుక్క తిరుగుతోంది. దాన్ని ఎవరూ చూడటం లేదు. కూర్మయ్య లేచి, పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టుకున్నాడు. పదిహేను.

అప్పట్నుంచి ప్రతి శనివారం ఇంతే. పెట్టె వారానికొక కొత్త మాట అడుగుతోందని కూర్మయ్య చెప్పాడు. అందరూ నమ్మారు. పెట్టెలు ఈ రోజుల్లో అడగనిదేముంది? శనివారం నెట్టు మీద లోడెక్కువని, దానికి మందు లేదని పోలిరాజు తేల్చేశాడు. వాళ్లు ఇళ్లకు వెళ్లేటప్పుడు కూర్మయ్య ఒక్కొక్కరి చెవిలో కొత్త మాట వేస్తాడు. ఆ వారమంతా ఎవరిళ్లలో వాళ్లు హాయిగా చూసుకుంటారు.

మీ ఇంట్లో పెట్టె శనివారాలు కూడా చక్కగా పనిచేస్తోందా? అయితే మీకు నా సానుభూతి.

మొన్న శనివారం పోలిరాజు సంత్రాగాఛిలో మరదలి ఇంటికి వెళ్లి, చాపల దగ్గరికి రాలేదు. ఆదివారం పొద్దున్నే రిమోట్ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సర్దారూ, కొత్త మాట ఏటి?"

"నీ పేరే."

"నా పేరా? లైనంతా వారం రోజులు నా పేరు కొట్టుకుంటారా? నాదే ఎందుకు పెట్టినావు?"

కూర్మయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నిన్న పిలిచినాను. నువ్వు పలకలేదు."