మేకు లేని బీరువా

ఎనభై ఎనిమిదిలో ఒక సోమవారం. పొద్దున్నే పుష్పలత వేసుకున్న పథకం చిన్నదే. తెనాలిలో ఏడాదిగా నేర్చుకుంటున్న వడ్రంగం కోర్సుకి ఆ మధ్యాహ్నమే ఆఖరి పరీక్ష. తను చేసిన బీరువాకి వార్నిషు పూసి, ఆరాక రిక్షాలో తీసుకెళ్ళాలి. షరతు ఒక్కటే: చెక్కలో చెక్క దూర్చి బిగించాలి తప్ప ఎక్కడా మేకు ఉండకూడదు. మేకు కనిపిస్తే సర్టిఫికెట్ లేదు.

అది ఒంటి తలుపు సన్న బీరువా. వసారాలో రెండు స్టూళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, వార్నిషు ఆరాక దుమ్ము పడకుండా తెల్ల దుప్పటి కప్పింది.

ఎదురింటి కమలమ్మ దాన్ని చూసింది. పుష్పలత అత్తగారు సుగుణమ్మ నిన్న చర్చికి రాలేదని ఆమెకు గుర్తొచ్చింది.

"అమ్మాయ్, మీ అత్తగారేరి?"

పుష్పలత తల దించుకుంది. శనివారం సుగుణమ్మ పళ్ళన్నీ పీకించుకుంది. కట్టుడు పళ్ళు వచ్చేదాకా ఎవరికీ చెప్పనని కోడలి చేత బైబిలు మీద చెయ్యి వేయించింది.

"లోపలున్నారండి. ఇప్పుడు ఎవరూ చూడొద్దండి."

కమలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి చర్చి గంట మోగింది. వీధి వీధంతా వసారాలోకి వచ్చింది. దుప్పటి మీద బంతిపూలు పడ్డాయి. సుగుణమ్మ కొడుకు ప్రకాశరావు పనిచేసే రేపల్లె బడికి ఎవరో ఫోను చేశారు. వాళ్ళు బడికి సెలవే ఇచ్చేశారు.

పుష్పలత వంటింట్లోకి పరుగెత్తింది. "అత్తయ్యా, మీరు పోయారనుకుంటున్నారు. ఒక్కసారి బయటికి రండి."

సుగుణమ్మ కొంగు మూతికి చుట్టుకుని కిటికీ పక్కన నక్కి ఉంది. "ఉండవే. నా చేపల పులుసు గొప్పదని కమలమ్మ ఏడుస్తోంది. ఇన్నేళ్ళు తిని ఒక్కనాడూ అనలేదు."

"మరి నా పరీక్ష?"

"ఆడపిల్లకి ఉలి ఏంటని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా. ఈ బోసినోటితో నేను రాను."

పుష్పలత బయటికొచ్చేసరికి సంఘ పెద్ద లూకా రేకు సిలువ ఒకటి తెచ్చి, దుప్పటి పక్కకి లాగి, శవపేటిక మూతే అనుకుని బీరువా తలుపు మీద మేకు ఆనించి ఉన్నాడు.

"లూకాగారూ, మేకు కొట్టకండి. నా ఏడాది కష్టం పోతుందండి. అత్తయ్యగారు బతికే ఉన్నారండి."

"పాపం, నమ్మలేకపోతోంది," అంటూ నలుగురు ఆమెను పట్టుకున్నారు. లూకా సుత్తి ఎత్తాడు.

"లూకా, ఆ మేకు తియ్యి."

గుమ్మంలో సుగుణమ్మ. కొంగు జారిపోయింది. ఒక్క పన్నూ లేని ఆ నోటిని వీధంతా చూసింది. సుత్తి లూకా కాలి మీద పడింది. కమలమ్మ ఏడుపు సగంలో ఆగింది.

"నా పళ్ళు వారంలో వస్తాయి. దాని పరీక్ష మళ్ళీ రాదు. మోయడానికేగా వచ్చారు, మోయండి," అంది సుగుణమ్మ.

బండి దిగి పూలదండతో పరుగెత్తుకొస్తున్న ప్రకాశరావుకి స్టేషను రోడ్డులో ఊరేగింపు ఎదురైంది. నలుగురి భుజాల మీద పెట్టె. వెనకాల నడుస్తూ వాళ్ళమ్మ. అతను రోడ్డు మీదే కూలబడ్డాడు.

"దండ నలపకురా. నీ పెళ్ళాం పాసైతే దానికి వెయ్యి," అని సుగుణమ్మ ముందుకు సాగింది.

పరీక్షాధికారి పెట్టెను చూసి, చెప్పులు విడిచి, లేచి నిలబడ్డాడు. పుష్పలత తలుపు తెరుస్తుంటే కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక చాలాసేపు మేకు కోసం వెతికాడు. దొరకలేదు.

ఫస్టు క్లాసు వచ్చింది. ఆ వారమే మొదటి ఆర్డరు కూడా వచ్చింది. బీరువా అక్కర్లేదంటూ, లూకాగారు తన కొలతలు తెచ్చి ఇచ్చారు.