నలభై ఏడో నంబరులో తడిసిన అట్టపెట్టె

ఈ ఏటి బీరు పోటీల్లో జర్మన్ పద్ధతి పిల్స్నర్ విభాగానికి బంగారు పతకం ముప్ఫై ఒకటో నంబరు సీసాకు దక్కిందనీ, నలభై ఏడో నంబరు సీసా 'దోషసహితము, జ్ఞాపకముంచుకొనదగినది కాదు' అని తేలిందనీ పోటీల సంఘం వారు ప్రకటించారు. ముగ్గురు న్యాయనిర్ణేతలూ ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు ఇది. నలభై ఏడో నంబరు కింద వచ్చిన మూడు సీసాలూ ఆ ముగ్గురి బల్ల దగ్గరే అడుగంటా ఖాళీ అయిన సంగతి ప్రకటనలో లేదు. ఉండనవసరమూ లేదు, మార్కుల పత్రంలో దానికి గడి లేదు కనుక.

ఆ ముగ్గురిలో మూడో ఆయన్ని అందరూ నీళ్ళాయన అంటారు. నీటి సరఫరా వారి ప్రయోగశాలలో ఆయనది ఇరవై రెండేళ్ళ సర్వీసు. రోజూ పొద్దున్నే ఆరు కుళాయిల నీళ్ళు ఆరు గ్లాసుల్లో పట్టి, వెలుతురుకి ఎత్తి చూసి, వాసన చూసి, ఒక్కో గుక్క పుక్కిలించి రిజిస్టరులో రాస్తాడు. రిజిస్టరులో మూడే గడులు: రంగు, వాసన, రుచి. మూడింటిలోనూ 'లేదు' అని పడితే ఊరు చల్లగా ఉన్నట్టు లెక్క. 'ఉంది' అని ఆయన రాసింది సర్వీసు మొత్తంలో రెండే రెండుసార్లు, ఆ రెండుసార్లూ పై అధికారులు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తారు. ఏమీ లేకపోవడాన్ని మించిన శుభవార్త లేదని నమ్మే ఇలాంటివాళ్ళు ఇంకా ఉద్యోగాల్లో ఉండబట్టే మనం నీళ్ళు తాగి బతికున్నాం. కృతజ్ఞతగా మనం వాళ్ళ పేర్లు కనుక్కోలేదు.

నీళ్ళాయనకు ఒక అక్క ఉంది. మూతపడ్డ లాండ్రీ వెనక షెడ్డులో మూడు ట్యాంకులు పెట్టుకుని ఆవిడ బీరు కాస్తుంది. ఒకటే రకం, పిల్స్నర్. పోటీల సంఘం వారి నిబంధనల పుస్తకం ఆ రకాన్ని ఇలా నిర్వచించింది: 'లేత గడ్డి రంగు, అద్దము వంటి తేట, తెల్లని నురగ, శుభ్రమైన చేదు. అంతకు మించి ఏమియు ఉండరాదు.' చదవడానికి తేలిగ్గా ఉంటుంది. కాచేవాళ్ళకే తెలుస్తుంది, నల్లటి ఘాటు బీర్లలో తప్పు దాక్కోవడానికి చోటుంటుంది కానీ ఇందులో ఉండదని.

మొదట్లో అక్కకు అదే తంటా. "ఒరే, నీళ్ళలో ఏదో ఉందిరా. చేదు గొంతులో గీరుకుంటూ పోతోంది" అంది ఒకనాడు. నీళ్ళాయన పదకొండు ఆదివారాలు ఆ షెడ్డులో గొట్టాలతో, వడపోత డబ్బాలతో కుస్తీ పట్టి నీళ్ళను మెత్తబరిచాడు. కాచే ప్రతిరోజూ వచ్చి ఒక గుక్క తాగి, గోడకున్న క్యాలెండరు మీద ఆ తేదీ గడిలో 'లేదు' అని రాసేవాడు. ఆ తర్వాత అక్క బీరు గొంతులో గీరుకోలేదు. తాగినవాళ్ళు ఏమీ మాట్లాడేవాళ్ళు కాదు, గ్లాసు ముందుకు జరిపేవాళ్ళు.

కానీ గ్లాసు ముందుకు జరిపే జనంతో కొట్టు నడవదు. సూపర్‌మార్కెట్ మేనేజరు అక్కతో ఖచ్చితంగా చెప్పేశాడు, సీసా మెడకు పతకం స్టిక్కరు ఉంటేనే అల్మారాలో చోటు అని. తాను రుచి చూడలేదనీ, చూడటం తన బాధ్యతల్లోకి రాదనీ కూడా చెప్పాడు. అంచేత ఈసారి పతకం వస్తే అల్మారా, రాకపోతే ట్యాంకులు పాల డెయిరీ వాళ్ళకు. బావ అప్పటికే డెయిరీ వాళ్ళతో ఒక మాట అనుకుని ఉంచాడు.

నీళ్ళాయన న్యాయనిర్ణేత కావడం వెనక ఇంకో కథ ఉంది. ఆయన అభిప్రాయం ఎవరూ అడగరు. ఇంట్లో భార్య కూడా కూరలో ఉప్పు సరిపోయిందా అని పిల్లల్ని అడుగుతుంది తప్ప ఆయన్ని అడగదు, 'ఏమీ లేదు' అంటాడని. అలాంటి మనిషికి, బీరు రుచి చెప్పడానికి పరీక్ష ఉందనీ, ప్యాసైతే బిళ్ళ ఇస్తారనీ తెలిసింది. ఇరవై నాలుగు చిన్న సీసాల్లో ఇరవై నాలుగు రకాల దోషాల వాసనలు పంపించారు. అన్నీ బట్టీ పట్టి ప్యాసయ్యాడు. తాత్కాలిక న్యాయనిర్ణేతగా నీలం బిళ్ళ ఇచ్చారు. ప్రధాన న్యాయనిర్ణేత మార్కులకూ తన మార్కులకూ ఏడుకు మించి తేడా రాకపోతే ఇత్తడి బిళ్ళ ఇస్తారు. రెండేళ్ళుగా తేడా వస్తూనే ఉంది. మూడోసారీ వస్తే జాబితాలోంచి తీసేస్తామని ఉత్తరం కూడా రాశారు.

ఈ సంగతి అక్కకు చెప్పినప్పుడు ఆవిడ నేల కడుగుతోంది. "నాది నీ ముందుకొస్తే మార్కులు కలపకురా. ఉన్నది ఉన్నట్టు రాయి, అదే చాలు. ఒక్కడైనా అలా రాసేవాడు ఉండాలి కదా" అంది.

బంధువుల బీరుకు మార్కులు వేయవచ్చునా అని నీళ్ళాయన సంఘం వారిని రాతపూర్వకంగా అడిగాడు. సీసాల మీద పేర్లుండవనీ, అంకెలే ఉంటాయనీ, అంకెలకు బంధువులుండరనీ వారు జవాబిచ్చారు.

పోటీ ఒక ఇండోర్ స్టేడియంలో, బ్యాడ్మింటన్ కోర్టు గీతల మీద బల్లలు వేసి, పదిగంటలకు మొదలైంది. నీళ్ళాయన బల్లకు ప్రధాన న్యాయనిర్ణేత నాలుకగారు. ఆయన నాలుకకు బీమా ఉంది, అందుకని ఆ పేరు. రెండో ఆవిడ వారపత్రికలో రుచుల గురించి కాలమ్ రాస్తుంది. బల్ల మీద ఉప్పులేని బిస్కట్లు, నీళ్ళ జగ్గు, ఉమ్మడానికి బకెట్టు. మనిషికో మార్కుల పత్రం. పత్రంలో అయిదు శీర్షికలు, ఒక్కో శీర్షిక కింద నాలుగు గీతలు. ఏ గీతా ఖాళీగా వదలరాదు. 'అంతకు మించి ఏమియు ఉండరాదు' అని నిర్వచించిన బీరు గురించి ఇరవై గీతలు రాయాలన్నమాట. పుస్తకం రాసిన ఉపసంఘం వేరు, పత్రం తయారుచేసిన ఉపసంఘం వేరు.

ముప్ఫై ఒకటో నంబరు ముందుగా వచ్చింది. పొయ్యగానే కరిగిన వెన్న వాసన, దాని వెనక ఉడికిన క్యాబేజీ, తాగితే పులుపు. నాలుకగారు కళ్ళు మూసుకున్నారు. "ఇందులో కథ ఉందండీ" అన్నారు. కాలమ్ ఆవిడ ఇరవై గీతలూ చాలక అదనపు కాగితం తీసుకుంది. పాడుబడ్డ గ్రంథాలయమనీ, వాన వెలిశాక గుర్రపు జీను అనీ ఏవేవో రాసుకుపోయింది. నీళ్ళాయన కూడా తాను బట్టీపట్టిన దోషాల్లో ఏడింటిని గుర్తుపట్టి సంతోషంగా రాశాడు. పనికొచ్చిన చదువు ఎవరికైనా సంతోషమే. బకెట్టు విరివిగా వినియోగించబడింది.

తర్వాత నలభై ఏడో నంబరు వచ్చింది. నాలుకగారు జేబులోంచి చిన్న టార్చిలైటు తీసి గ్లాసు వెనక పెట్టారు. గ్లాసులోంచి చూస్తే గోడ మీద 'బయటకు దారి' అన్న అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. ఒక గుక్క తాగారు. మళ్ళీ తాగారు. కాలమ్ ఆవిడ గ్లాసు ఖాళీ చేసి, "సరిగ్గా అర్థం కాలేదు, ఇంకొంచెం పొయ్యండి" అంది. అర్థం చేసుకునే ప్రయత్నంలో మొదటి సీసా అయిపోయింది. రెండోదీ అయిపోయింది. బకెట్టు వైపు ఎవరూ తిరగలేదు. కలాలు మాత్రం కదల్లేదు.

నీళ్ళాయనకు రెండో గుక్కలోనే తెలిసిపోయింది. బీరు సంగతి ఎలా ఉన్నా ఆ నీళ్ళు తనవి. పదకొండు ఆదివారాల నీళ్ళు. ఆయన గుండె ఒక్కసారి గర్వంతో నిండిపోయింది. ఆ గర్వంలోనే గబగబా రాసేశాడు: 'వాసనలో దోషం: లేదు. రుచిలో దోషం: లేదు. బాగుంది.' యాభైకి నలభై ఆరు వేశాడు. నాలుకగారు తొంగిచూశారు.

"బాగుంది అన్నది అభిప్రాయమండీ. అభిప్రాయాలు బజార్లో ప్రతివాడికీ ఉంటాయి. మనం న్యాయనిర్ణేతలం, మనకు కావలసింది పరిశీలన" అన్నారు ఆయన, పక్క బల్లలకు కూడా వినపడేలా. "ఈ గీతలు ఖాళీగా ఉంటే సీసాలో ఏమీ లేదని కాదు, మీ నాలుకలో ఏమీ లేదని అర్థం. నేనైతే దీనికి పాతిక వెయ్యబోతున్నాను. ఎందుకు వేస్తున్నానో ఇంకా ఆలోచిస్తున్నాను. ఇది మీకు మూడో ఏడు కదూ?"

మూడో ఏడే. నీలం బిళ్ళ చొక్కాకు వేళ్ళాడుతోంది. నీళ్ళాయన నిష్పక్షపాతంగా ఆలోచించడం మొదలుపెట్టాడు. ఇది అక్క బీరని తెలిసిపోయింది. సొంత అక్క బీరుకు ఎక్కువ మార్కులు వేస్తే పక్షపాతం. తక్కువ వేస్తే అది నిష్పక్షపాతం. తెలిసి పక్షపాతం చూపే మనిషి కాదు ఆయన. కాబట్టి న్యాయం ఎటువైపు ఉందో తేలిపోయింది. కావలసిందల్లా ఒక దోషం. ఇరవై నాలుగు చిన్న సీసాలు వరసగా జ్ఞాపకం చేసుకుని, పదహారో దాన్ని ఎంచుకున్నాడు.

"తడిసిన అట్టపెట్టె వాసన" అన్నాడు.

"అదీ," అన్నారు నాలుకగారు. "ఇందాకట్నించి నా నోట్లో ఆడుతున్నది అదే."

కాలమ్ ఆవిడకు కూడా వెంటనే తగిలింది. అట్టపెట్టె వెనక ఇత్తడి తాళంచెవి కూడా ఉందని ఆవిడ కనిపెట్టింది. నిర్ధారణ కోసం మూడో సీసా తెరిచి పూర్తిచేశారు. నీళ్ళాయన నలభై ఆరు కొట్టేసి ఇరవై నాలుగు వేశాడు. తేడా ఒకటే మార్కు. ఆ సాయంత్రమే ఇత్తడి బిళ్ళ ఇచ్చారు.

బహుమతి ప్రదానం ఘనంగా జరిగింది. ముప్ఫై ఒకటో నంబరు కాచిన బట్టతలాయన వేదికెక్కి మైకు ముందు నీళ్ళు నమిలాడు. "నిజం చెప్పాలంటే ఆ వారం ట్యాంకు మూత సరిగ్గా పడలేదండీ. పారబోద్దామనుకున్నాం. పంపి చూడమని మా ఆవిడే అంది" అన్నాడు. హాలంతా చప్పట్లు. వినయమంటే ఇదని నాలుకగారు మెచ్చుకున్నారు. మూత కొంచెం తెరిచి ఉంచే ఈ విధానంపై వచ్చే నెలలో రెండురోజుల శిక్షణ శిబిరం ఉంటుందని సంఘం కార్యదర్శి అక్కడికక్కడే ప్రకటించాడు.

మర్నాడు ప్రయోగశాలలో ఆరు గ్లాసులకూ 'లేదు' అని రాస్తుంటే నీళ్ళాయనకు ఆ మాట మొదటిసారి చిన్నతనంగా తోచింది.

వారం తిరిగాక మార్కుల పత్రాలు కాచినవాళ్ళకు పంపారు. వాటి మీద న్యాయనిర్ణేతల పేర్లుండవు, రాత మాత్రం వాళ్ళదే ఉంటుంది. నీళ్ళాయన షెడ్డుకు వెళ్ళేసరికి అక్క రబ్బరు బూట్లతో నిలబడి ఆ మూడు కాగితాలూ చూస్తోంది. ఆమె వెనక గోడ మీద క్యాలెండరు, ప్రతి గడిలోనూ 'లేదు'. రెండు చోట్లా ఒకటే దస్తూరీ. అది పోల్చుకోలేనంత అమాయకురాలు కాదు అక్క.

"ఏరా, బిళ్ళ వచ్చిందటగా. ఏదీ, చూడనీ" అంది.

చూపించాడు. ఆవిడ వేలితో తడిమి చూసింది.

"బరువుగానే ఉంది. ఇదిగో, ఈ మూడో కాగితం రాసినాయన ఎవరోగానీ చేతిరాత చక్కగా ఉంది. తడిసిన అట్టపెట్టె వాసన అంటున్నాడు. నువ్వు నీళ్ళ మనిషివి, ఇప్పుడు జడ్జివి కూడానూ. ఎక్కడుందో కాస్త చూసి చెప్పు."

ట్యాంకు కుళాయి తిప్పి గ్లాసు నింపి ఇచ్చింది. నీళ్ళాయన తాగాడు. కడిగిపెట్టినట్టున్న చేదు, దాని వెనక ఏమీ లేదు. 'లేదు' అన్న మాట నోటి దాకా వచ్చింది. లేదంటే ఆ కాగితం ఎలా వచ్చిందో చెప్పాలి. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

"ఉందక్కా. కొంచెం లోపలగా ఉంది. అందరికీ దొరకదు" అన్నాడు.

"ఎందుకొస్తుందంటావు?"

గాలి తగలడం వల్ల రావచ్చనీ, నిలవ ఉండటం వల్ల రావచ్చనీ, సీసా మూతల లోపల పొర వల్ల కూడా రావచ్చనీ ఆయన వివరించాడు. చెబుతున్నంతసేపూ ఎండిపోతున్న గొంతును ఆ గ్లాసుతోనే తడుపుకున్నాడు.

"మరి ఇన్నాళ్ళూ నాకెందుకు తెలియలేదురా?"

"అలవాటు పడిపోయి ఉంటావు."

"అయ్యుంటుందిలే," అంది అక్క. "గ్లాసు ఖాళీ అయినట్టుంది. ఇంకాస్త పొయ్యనా?"

నీళ్ళాయన చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. సాగిన తర్వాత చూసుకున్నాడు, అప్పటికి ఆలస్యమైపోయింది. అక్క అంచు దాకా నింపింది. ట్యాంకుల పక్కనే ఉన్న బావ మొహం అటు తిప్పుకున్నాడు. అక్క ఒక్క తిట్టు తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణనుకున్నాడు నీళ్ళాయన. ఆవిడ తిట్టలేదు. మూడు కాగితాలూ మడిచి క్యాలెండరు మేకుకే గుచ్చింది.

ఇప్పుడా ట్యాంకుల్లో పాలు ఉన్నాయి. ముప్ఫై ఒకటో నంబరు బంగారు స్టిక్కరుతో సూపర్‌మార్కెట్ అల్మారాలో కళ్ళకెదురుగా ఉంది. మొన్న మీరు కొన్నది అదే. ఇంటికొచ్చిన చుట్టానికి పోసిచ్చారు. ఆయన ఒక గుక్క తాగి, మొహం అదోలా పెట్టి, సీసా తిప్పి స్టిక్కరు చూసి, "ఏదో ఉందండీ ఇందులో" అన్నాడు. మీరూ ఉందన్నారు. చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నారు. ఆయన వెళ్ళిపోయాక మీ ఇంట్లోవాళ్ళు రెండు గ్లాసులూ సింకులో వొంపారు. రెండూ నిండుగానే ఉన్నాయి.