చంపు, పంపు, దంపు

"ఈ కాలేజీలో నేరం చేసేవాడు రెండు తప్పులు చేస్తాడు. ఒకటి, నేరం చెయ్యడం. రెండు, నేనున్న చోట చెయ్యడం," అని క్లూ క్యాంటీన్‌లో టీ గ్లాసు ఠక్కున బల్లమీద పెట్టి ప్రకటించాడు. ఎదురుగా చెల్లెలు, వాళ్ళ పిన్ని కూతురు, ఒక్కతే ఉంది. ఆమె కూడా వినడం లేదు.

అతని అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, అతను మాత్రం అక్కడ ఉండేవాడు కాదు. క్లూ అన్న బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు. హాస్టల్లో సబ్బుల దొంగను పట్టుకుంటానని మూడు రోజులు బాత్రూము బయట కాపలా కాసి, నాలుగో రోజు పోయిన సబ్బుతోనే మొహం కడుక్కుంటూ దొరికిపోయాడు. దొంగ మనసులోకి ప్రవేశించడమంటే అదేనని సంజాయిషీ చెప్పుకున్నాడు.

భాషాశాస్త్ర పరిచయం అనే పేపరును అతను రెండో ఏడు చదువుతున్నాడు, అంత లోతుగా. చెల్లెలు మొదటి ఏడే చదువుతోంది. ఆమె నోట్సు రాస్తే అతను జిరాక్సు తీసుకునేవాడు. ఇంట్లో పెద్దవాళ్ళు దీన్ని అన్నాచెల్లెళ్ళ అనుబంధమనుకుని మురిసిపోయేవారు.

ఆ వారం కాలేజీలో నిజంగానే ఒక నష్టం జరిగింది. ధ్వనుల పాఠం చెప్పే మేడమ్ రికార్డరు కనబడకుండా పోయింది. అరచేతిలో ఇమిడే వస్తువే. కాని ఆరేళ్ళుగా ఆమె ఇల్లిల్లూ తిరిగి పట్టుకొచ్చిన నలభైమంది ముసలివాళ్ళ మాటలు అందులో ఉన్నాయి. వాళ్ళలో తొమ్మిదిమంది ఇప్పుడు లేరు. కాపీ తియ్యాలి, తియ్యాలి అనుకుంటూనే ఆవిడ ఆ ఆరేళ్ళూ గడిపేశారు.

రికార్డరు ఉండే ల్యాబు తాళాలు అటెండరు దగ్గర ఉంటాయి కనుక ప్రిన్సిపాల్‌కు విచారణ చాలా సులువైపోయింది. గురువారం సాయంత్రంలోగా రికార్డరైనా తెచ్చివ్వాలి, సంజాయిషీ అయినా రాసివ్వాలి అని మెమో చేతికిచ్చేశాడు. పాతికేళ్ళ సర్వీసులో సుద్దముక్క కూడా ఇంటికి పట్టుకెళ్ళని మనిషి ఆ అటెండరు. అందరికీ బాబాయ్. చెయ్యని పనికి సంజాయిషీ ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు రోజులుగా స్టూలు మీద కూర్చుని కాగితాలు చింపుతున్నాడు. పరీక్షల ముందు చెల్లెలి కోసం పొద్దున్నే వచ్చి ల్యాబు తెరిచిపెట్టింది ఆయనే. ఆయన్ని అలా చూస్తే ఆమెకు అన్నం సయించడం లేదు. గతిలేక క్లూను ఆశ్రయించింది.

"అన్నయ్యా, ఎలాగూ డిటెక్టివునంటావు కదా. ఆ రికార్డరేదో వెతికిపెట్టు."

"చిల్లర కేసులు నేను ముట్టుకోను. నా చేతిలో హత్య ఉంది," అన్నాడు క్లూ. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

అది లైబ్రరీలో దొరికిందట. తలకింద ఒక పుస్తకం ఎత్తు చాలక రెండోది లాగితే అందులోంచి జారిపడిందట. మేడమ్ చేతిరాతే. 'ఇన్ఫార్మెంట్ గురువారం మూడింటికి వస్తాడు. బెదరకుండా చూసుకోవాలి. తలుపులన్నీ మూసెయ్యాలి, చప్పుడు వినబడకూడదు. గొంతు పట్టుకుని చూడాలి. చంపు, పంపు, దంపు. ఆ తర్వాత కట్టు, కొట్టు.'

చెల్లెలు నుదురు రుద్దుకుంది. ఇన్ఫార్మెంట్ అంటే మన కోసం తన మాట మాట్లాడి వినిపించే మనిషని, పోలీసులకు కబుర్లు మోసేవాడు కాదని చెప్పింది. గొంతు మీద వేలు పెట్టుకుంటే కొన్ని ధ్వనులకు అదురుతుందని, కొన్నిటికి అదరదని చెప్పింది. చంపు, పంపు, దంపు అన్నవి ఒక్క ధ్వని మారితే అర్థమే మారిపోయే మాటలని, మొన్న సోమవారం క్లాసంతా వాటి మీదే జరిగిందని చెప్పింది. క్లూ జాలిగా తలాడించాడు.

"అదే వాళ్ళ తెలివి. నిజాన్ని తీసుకెళ్ళి సిలబస్‌లో దాచారు. అక్కడైతే ఎవడూ చూడడని."

"మరి చంపేశాక దంపడం దేనికి?"

"ఆనవాళ్ళు మిగలకుండా," అన్నాడతను, చాలా శాంతంగా.

గురువారం రానే వచ్చింది. ఇన్ఫార్మెంటు కుట్టుమిషన్లు బాగుచేసే ముసలాయన. తన పనిలో వాడే మాటలు చెప్పమని మేడమ్ పిలిచారు. మాట రికార్డు చేస్తారన్నారు కదా అని ఇస్త్రీ చొక్కా వేసుకుని, పావుగంట ముందే గేటు దగ్గరికి వచ్చాడు. నోటీసు బోర్డు వెనక నక్కి ఉన్న క్లూ, అప్పటికే వాచ్‌మన్ రెండుసార్లు పలకరించి వెళ్ళిన క్లూ, ఒక్క ఉదుటున వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"పెద్దాయనా, మీ ప్రాణానికి అపాయం ఉంది. ఏమీ అడక్కుండా నాతో రండి."

చదువుకున్న చోట మర్యాదలు ఇలాగే ఉంటాయి కాబోలనుకుని ముసలాయన వెంట నడిచాడు. అతిథిని తీసుకురమ్మని మేడమ్ పంపిన చెల్లెలు సరిగ్గా అప్పుడే దిగివచ్చి, ఇద్దరూ మేడ మెట్లు ఎక్కడం చూసి వెనకే పరుగెత్తింది. క్లూ వాళ్ళను వరండా చివర, పాత నాటకాల తెరలూ పరుపులూ పడేసిన గదిలోకి తోసి లోపలి గడియ పెట్టాడు. బయట ఎవరో నడిచారు. క్లూ ముసలాయన నోరు మూశాడు. ముసలాయనకు దుమ్ముకు తుమ్ము వచ్చింది. క్లూ చెయ్యి ఒక పక్కకీ, ముసలాయన కట్టుడుపళ్ళు ఇంకో పక్కకీ ఎగిరిపోయాయి.

ఆ పైన ఆయన చాలా మాట్లాడాడు. ఒక్కటీ అర్థం కాలేదు. త, ద లాంటి దంత్యాలు పలకాల్సిన మనిషికి దంతాలే లేకుండా పోయాయని చెల్లెలు గుండె బాదుకుంది. మోకాళ్ళ మీద పాకుతూ ముగ్గురూ వెతికారు. కాసేపటికి తెరల మడతల్లో క్లూ చేతికి గట్టిగా ఏదో తగిలింది. దొరికాయంటూ విజయగర్వంతో ముసలాయన చేతిలో పెట్టాడు. ఆయన నమ్మకంగా నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. నాది కాదన్నట్టు తల అడ్డంగా ఊపి తిరిగి ఇచ్చేశాడు.

అది రికార్డరు.

పళ్ళు క్లూ చొక్కా జేబులోనే ఉన్నాయి. ఎలా వెళ్ళాయో ఆ మహా మేధావికి ఈనాటికీ తెలియదు.

గొడవ విని మేడమ్, ప్రిన్సిపాల్, అటెండరు వచ్చి తలుపు తట్టారు. చెల్లెలు తీసింది. రికార్డరు చూడగానే ప్రిన్సిపాల్ అటెండరు వైపు తిరిగాడు.

"ఈ గది బాధ్యత కూడా నీదేగా? ఇక్కడ దాచావన్నమాట."

నేనూ అదే అనుమానించానని క్లూ తల ఊపాడు. చెల్లెలికి తన అన్నను ఆ తెరల్లోనే చుట్టి వదిలెయ్యాలనిపించింది. ఈలోగా క్లూ వేలిముద్రలు చెడకుండా రికార్డరును రుమాలుతో పట్టుకోబోయి ఏదో మీట నొక్కేశాడు. లోపలినుంచి మేడమ్ గొంతు పలికింది.

"తెరల మధ్య పెడితే ప్రతిధ్వని లేదు, బాగుంది. చంపు, పంపు, దంపు. అయ్యో, ఫోను. అమ్మా, చెప్పవే. ఆ, రికార్డరు ఇక్కడే వదిలేసి వస్తున్నా, మళ్ళీ వచ్చి తీసుకుంటాలే."

తలుపు మూసిన చప్పుడు. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. అంతకుముందు పట్టినవన్నీ భద్రంగా ఉన్నాయి.

మేడమ్ మొహం పాలిపోయింది. తప్పు నాది బాబాయ్, నన్ను క్షమించు అని అందరి ముందూ చేతులు జోడించారు. ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుని, సరే, అయిపోయిందిగా అంటూ వెనుదిరిగాడు.

"అయిపోలేదు సార్," అన్నాడు అటెండరు. "నన్ను దొంగన్నది కాగితం మీద. కాదన్నదీ కాగితం మీదే కావాలి."

ప్రిన్సిపాల్ అక్కడే పరుపు మీద చతికిలబడి రాశాడు. బాబాయ్ పక్కన నిలబడి, సంతకం కింద తేదీ కూడా వేయించుకున్నాడు.

ఆ నలభైమంది మాటలకూ కాపీలు తీసి, విని, అక్షరం పొల్లుపోకుండా రాసే పని మేడమ్ మర్నాటినుంచి క్లూకు అప్పగించారు. శిక్షే అది. క్యాంటీన్‌లో మాత్రం అతను నలభైమంది సాక్షుల వాంగ్మూలాలు నమోదు చేస్తున్నానని చెప్పుకున్నాడు. ఒకనాడు చెల్లెలు ల్యాబుకు వెళ్ళేసరికి, ఒక ముసలమ్మ పారిపోయిన కోడి సంగతి చెబుతూ నవ్విన చోటును వెనక్కి తిప్పి తిప్పి వింటున్నాడు. ఏమైందని అడిగింది.

"అనుమానంగా ఉందే," అన్నాడు క్లూ, చెవులకు పెట్టుకున్నవి తియ్యకుండానే. "మనిషన్నవాళ్ళు ఇంత బాగా ఎలా నవ్వుతారు?"