మలుపు దగ్గరే ఆగిపోయిన అల్లుడు

ఆ రోజు ఎల్రాయ్ ఎట్సిటీ వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. ఒహాయో నుంచి వచ్చిన ముసలి దంపతుల్ని పొద్దున్నే తన ట్రక్కులో కాన్యన్ లోయలోకి తీసుకెళ్ళాలి, రాతిగోడల మీది పాత బొమ్మలు చూపించాలి, అత్తగారి పీచ్ తోట దగ్గర కంబళి నేత చూపించాలి, మధ్యాహ్నానికల్లా తమ ఊరు చిన్లీకి తిరిగి రావాలి. ఏళ్ళ తరబడి చేస్తున్న పనే. బయల్దేరబోతుండగా భార్య వెర్నా ఫోన్ చేసింది.

"రోజూ నేత చూపించే చెల్లి పన్ను పీకించుకోడానికి ఊళ్ళోకొచ్చింది. ఇవాళ మా అమ్మే చూపిస్తుంది. నువ్వు మాత్రం తోట ముందు మలుపు దగ్గరే ఆగిపో."

"అది నాకు చెప్పాలా?" అన్నాడు ఎల్రాయ్.

నిజంగానే చెప్పనక్కర్లేదు. పెళ్ళయి పదేళ్ళు దాటినా అతను అత్తగారి ముఖం చూడలేదు, ఆవిడా అతని ముఖం చూడలేదు. వాళ్ళ తెగలో అల్లుడు అత్తను గౌరవించే పద్ధతి అది. చూస్తే కళ్ళకు చేటని పెద్దలంటారు. ఆవిడ వస్తుంటే అతను అటు తిరిగేవాడు, అతని హారన్ వినబడితే ఆవిడ లోపలికి వెళ్ళిపోయేది.

ట్రక్కులో ఈ సంగతి చెప్పగానే వాల్టర్ అనే ఆ పెద్దాయన పకపకా నవ్వాడు. "అదృష్టవంతుడివయ్యా," అన్నాడు. ప్రతి ట్రిప్పులోనూ ఎవరో ఒక మగమహారాజు ఈ మాట అంటాడు. ఎల్రాయ్ కూడా నవ్వేశాడు. నవ్వాడే గానీ, చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్నవాడు కదా, ఆ మాట ప్రతిసారీ గుచ్చుకునేది. అత్తగారంటే అతనికి తెలిసిందల్లా గోడ అవతలి దగ్గు, వెర్నా చేత పంపే మాంసం పులుసు, 'అల్లుడు మంచివాడు' అని ఆవిడ ఎప్పుడో ఎవరితోనో అన్న మాట. ఆ ఒక్క మాట నిలబెట్టుకోవాలనే అతని తాపత్రయమంతా.

పెద్దాయన భార్య మార్జొరీ మాత్రం నవ్వలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ యాజమాన్యాలకూ కార్మికులకూ రాజీ కుదిర్చిన మనిషి. రిటైరయినా ఆ దురద తీరలేదు.

ఎల్రాయ్ మలుపు దగ్గర ట్రక్కు ఆపి, వాళ్ళిద్దర్నీ తోటలోకి పంపి, అటు వీపు పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి మార్జొరీ ఒక్కతే పులుసు గిన్నెతో వచ్చింది.

"మీ అత్తగారు పంపారు. నీకు ఆవిడ మీద కోపమేమైనా ఉందా?"

"అయ్యో, కోపమెందుకు మేడమ్? ఆవిడ చేతి వంటంటే నాకు ప్రాణమని చెప్పండి."

రాజీలు కుదిర్చేవాళ్ళు ఎవరి మాటనూ ఉన్నదున్నట్టు చేరవెయ్యరు. తోటలోకి వెళ్ళి మార్జొరీ చెప్పిన మాట ఎల్రాయ్‌కి తర్వాతగానీ తెలియలేదు: "మీ అల్లుడు మిమ్మల్ని చూడాలని తపించిపోతున్నాడు."

అత్తగారు బీట్రిస్ చెయ్యి మగ్గం మీద ఆగిపోయింది. అంత నియమనిష్ఠలున్నవాడు ముఖం చూస్తానంటున్నాడంటే, ఇక అల్లుడిగా ఉండదలచుకోలేదన్నమాట. కూతుర్ని వదిలేస్తున్నాడన్నమాట. ఆవిడ శాలువా తలమీంచి ముక్కుదాకా లాక్కుని, తన పికప్ వ్యాను తాళాలు వాల్టర్ చేతిలో పెట్టి, "అతని దగ్గరికి పోనివ్వు," అంది.

అత్తగారి పికప్ మోత వినగానే ఆవిడే వస్తోందని ఎల్రాయ్ కంగారుపడ్డాడు. ట్రక్కెక్కి, వెనక్కి చూడకుండా వెనక్కి నడిపాడు. వెనకాల వాగు. ఆ వాగు ఇసుక మింగేసిన ట్రక్కుల గురించి యాత్రికులకు కథలు కథలుగా చెప్పేది అతనే. ఇప్పుడు అతని వెనక చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి.

లాగాలంటే దగ్గర్లో ఉన్నది ఆ పికప్పే. ఎల్రాయ్ టోపీ కళ్ళమీదికి లాక్కుని ట్రక్కు కింద దూరాడు. బీట్రిస్ శాలువాలోంచే గొలుసు అందించింది. ఇద్దరి మధ్యా బెత్తెడు దూరం కూడా లేదు, అయినా మాటలన్నీ మార్జొరీ మీదుగానే.

"మేడమ్, గొలుసు ఇంకాస్త వదలమనండి."

"మేడమ్, వేళ్ళు నలగ్గొట్టుకోవద్దని చెప్పండి."

"మేడమ్, ఆవిడని ఇసుకలోకి రావద్దనండి."

"మేడమ్, నా కూతుర్ని ఎందుకు వదిలేస్తున్నాడో అడగండి."

మార్జొరీ నోరు తెరిచేలోపే ఎల్రాయ్ బయటికొచ్చి టోపీ పైకి నెట్టాడు. "ఎవరన్నారా మాట?"

ఎదురుగా, శాలువా జారిపోయిన సన్నపాటి ముసలావిడ. అతను గబుక్కున కళ్ళు మూసుకున్నాడు.

"తప్పైపోయింది అత్తయ్యా. మీ నియమం చెడగొట్టాను."

"నా నియమమేమిటి నాయనా? నాకు మొదట్నుంచీ ఆ పట్టింపు లేదు. నువ్వు పట్టుబట్టావనేగా దాక్కుంటున్నాను."

"నేనా? మీరే పట్టుబట్టారని వెర్నా చెప్పింది."

"నాకూ వెర్నాయే చెప్పింది."

ఈ ఆచారం పాటించాలా అని పెళ్ళినాడు వెర్నా అడిగితే ఆవిడ "అబ్బాయి ఇష్టం" అంది, అతను "పెద్దావిడ ఇష్టం" అన్నాడు. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి విసిగిన వెర్నా, ఆచారం పాటిస్తే ఎవరూ మాట అనరు కదా అని, అవతలివాళ్ళు పట్టుబట్టారని ఇద్దరికీ చెప్పేసింది.

"కళ్ళు తెరువు," అంది బీట్రిస్. "ఇలా వెలుతురులోకి రా. ఇంకా దగ్గరికి."

వచ్చాడు. ఆవిడ తల పక్కకు వాల్చి చాలాసేపు చూసింది.

"లాభం లేదు. మనిషి తెలుస్తున్నాడు, ముఖం తెలియడంలేదు. చూపు పోతోంది నాయనా. పిల్లలకింకా చెప్పలేదు. నేతంటే వేళ్ళకొచ్చు కాబట్టి సాగుతోంది. మొన్నమొన్నటిదాకా కొండకొమ్మున మేకను పోల్చేదాన్ని. ఆ కళ్ళున్నప్పుడు నువ్వు మలుపు దగ్గర కూర్చున్నావు."

ఎల్రాయ్‌కి దుఃఖం ముంచుకొచ్చింది. ఒక అమ్మ ఉండాల్సిన పదేళ్ళు వాగులో కలిసిపోయాయి. ఎవరిని తిట్టుకోవాలో కూడా తోచలేదు. అందరూ మర్యాదగానే ఉన్నారు.

"మేడమ్, ఎలా ఉంటాడు మా అల్లుడు?" అని అడిగింది బీట్రిస్.

"ముక్కు కొంచెం పెద్దది. మీ మాట విన్నప్పట్నుంచీ ఏడుస్తున్నాడు," అంది మార్జొరీ. ఆ రోజుకు ఆవిడ ఉన్నదున్నట్టు చేరవేసిన కబురు అదొక్కటే.

ట్రక్కు బయటపడింది. బీట్రిస్ పికప్పు వైపు వెళ్ళకుండా అల్లుడి పక్కన ఎక్కి కూర్చుంది. 

ఆ సాయంత్రం చిన్లీలో అత్తా అల్లుడూ ఒకే బల్ల దగ్గర తింటుంటే, వెర్నా వాళ్ళిద్దరి ముఖాలూ చూడలేక తన కంచం పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.